అడగకుండా ఉంచిన చెయ్యి

సర్వకృపానిధియైన దేవునికి, ఆయన కుమారుడైన మన ప్రభువుకు స్తోత్రం. నలభై ఏళ్ళకు పైగా నా చేతుల్ని రోగుల సేవలో నిలబెట్టినవాడు ఆయనే. ఆ చేతులు తప్పు చేసిన రోజున వాటిని తోసివేయక, పట్టుకుని దారికి తెచ్చినవాడూ ఆయనే. ఈ జ్ఞాపకంలో మెప్పు ఏదైనా ఉంటే అది ఆయనకు చెందుతుంది. సిగ్గు మాత్రం నాది.

నేను రిటైరవడానికి సరిగ్గా ఏడాది ముందు, ఫిబ్రవరి నెల మొదటి సోమవారం, మా వార్డుకు ఫ్రాన్సు నుంచి ఒక వైద్య విద్యార్థిని వచ్చింది. అప్పుడు నేను న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లండ్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, రక్తనాళాల శస్త్రచికిత్స వార్డుకు ఛార్జ్ నర్స్ మేనేజర్‌ని. మన వైపు ఆసుపత్రుల్లో హెడ్ సిస్టర్ అంటామే, దాదాపు అదే హోదా. నర్సుల డ్యూటీలు, మందుల అలమర తాళాలు, రోగుల ఫిర్యాదులు అన్నీ నా సంతకం కిందికి వస్తాయి. డాక్టర్ల మీద నాకు అధికారం లేదు. అయితే శిక్షణకు వచ్చే వైద్య విద్యార్థుల ప్రవర్తన గురించి కన్సల్టెంట్, అంటే వార్డు పెద్ద డాక్టరు, నింపే ఫారంలో ఒక గడి మాత్రం ఛార్జ్ నర్స్‌ది. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలదు.

ఏటా ఇక్కడి వైద్య విద్యార్థులు ఇద్దరు లియాన్ నగరానికి వెళ్ళి అక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తారు. అక్కడివాళ్ళు ఇద్దరు ఇక్కడికి వస్తారు. పది వారాల మార్పిడి అది. చివర కన్సల్టెంట్ ఫారంలో ‘సంతృప్తికరం’ అని రాస్తే ఆ విద్యార్థికి అక్కడ ఆ విడత శిక్షణ పూర్తయినట్టు లెక్క. రాయకపోతే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. పైగా, ఏ డాక్టరు ఏ విభాగంలోకి వెళ్ళాలో తేల్చే పెద్ద పరీక్ష ఒకటి వాళ్ళ దేశంలో ఉంది. శిక్షణలో ఒక్క విడత తగ్గినా ఆ ఏడాది పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ సంగతి వచ్చిన మొదటి రోజే ఆ అమ్మాయి నాకు చెప్పింది.

పేరు కమీల్. ఇరవై మూడేళ్ళుంటాయి. ఈ దేశంలో కన్సల్టెంట్‌ని కూడా పేరు పెట్టి పిలుస్తారు. మా కన్సల్టెంట్ అందరికీ హెలెన్. కమీల్‌కు అది ఎంతకీ నోరు తిరగలేదు. నన్ను చివరిదాకా ‘మేడమ్ సుజాత’ అనే పిలిచింది. మా వార్డు క్లర్కు అది విని, ఫోను వచ్చినప్పుడల్లా “మేడమ్ గారికి ఫోను” అని నన్ను ఆటపట్టించేది.

మొదటి రోజు పొద్దున కమీల్ వార్డులో పనిచేసే అందరి దగ్గరికీ వెళ్ళి కరచాలనం చేసి నమస్కారం చెప్పింది. నేల తుడిచే, టాంగా దీవుల నుంచి వచ్చిన ఆయనకు కూడా. ఆయన చేతి తొడుగు తియ్యాలో వద్దో తెలియక తికమకపడ్డాడు. రెండో వారానికల్లా తొడుగు తీసి ఆమె రాక కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. లియాన్ ఆసుపత్రుల్లో డ్యూటీ అలాగే మొదలవుతుందట. అక్కడ నాలుగో ఏడు నుంచే విద్యార్థులు రోజూ పొద్దున వార్డులో పనిచేస్తారు, మధ్యాహ్నం పాఠాలు వింటారు. రోగి దగ్గరికి మొదట చేరేదీ, చివరగా వదిలేదీ విద్యార్థేనని గర్వంగా చెప్పింది.

ఇంకొక సంగతి కూడా చెప్పింది. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు తమ మతం పైకి కనపడనివ్వకూడదు. మెడలో సిలువ గొలుసు ఉంటే తీసి లాకర్లో పెట్టుకోవాలి. అందుకే మా వార్డు సమావేశం కరకియాతో, అంటే ఈ నేల మూలవాసులైన మావోరీల ప్రార్థనతో, మొదలైనప్పుడు ఆమె కంగారుగా అటూ ఇటూ చూసింది. ఎవరైనా చనిపోయారా అని నన్ను నెమ్మదిగా అడిగింది.

కొత్తగా వచ్చినవాళ్ళకు మావోరీ పద్ధతులు చెప్పడం నా పని. ఏటా పదుల మందికి చెప్పాను. భోజనం పెట్టే బల్ల మీద కూర్చోకూడదు. తల కింద పెట్టే దిండుకు ఒక రంగు గలీబు, కాళ్ళ కింద పెట్టే దిండుకు ఇంకో రంగు గలీబు. దాన్ని దీనికి వాడకూడదు. శస్త్రచికిత్సలో కాలో వేలో తీసేస్తే, ఆ భాగాన్ని కుటుంబానికి తిరిగి ఇవ్వాలా వద్దా అని అంగీకార పత్రంలోనే అడగాలి, ఎందుకంటే చాలామంది దాన్ని తమ పెద్దల నేలలో పూడ్చుకుంటారు. తల ‘టపు’, అంటే ప్రత్యేకించబడినది, పవిత్రమైనది, అడగకుండా ముట్టుకోకూడదు. ఇవన్నీ కమీల్‌కు చెప్పాను. ఆమె నోటుబుక్కులో రాసుకుని, విన్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది.

ఇప్పుడు నా అలవాటు ఒకటి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ వయసులో గుంటూరు జిల్లాలో ఒక మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణకు చేరాను. రోగిని ఆపరేషన్ గదికి పంపే ముందు తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయాలని మా మేట్రన్ నేర్పింది. మంచం తోసే మనిషి కూడా ఆ ప్రార్థన అయ్యేదాకా ఆగేవాడు. మన సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆరాధన అయ్యాక పాస్టరు గారు వరసగా అందరి తల మీదా చెయ్యి ఉంచకపోతే ఆదివారం పూర్తయినట్టు అనిపించదు. న్యూజిలాండ్ వచ్చాక కూడా నేను ఆ అలవాటు మానలేదు. చాలామంది సమోవా, టాంగా అమ్మమ్మలు కళ్ళు మూసుకుని ఆమేన్ అనేవారు. కొందరు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు. మావోరీ రోగులూ ఉండేవారు. వాళ్ళు కదలకుండా ఉండేవారు. నేను దాన్నీ ఆమేన్ అనుకున్నాను.

తల ముట్టుకోవద్దని నేనే బోధిస్తూ, నేనే ఎలా ముట్టుకున్నానని మీరు అడగవచ్చు. వైద్యం చేసే చేతికి ఆ నియమం ఉందని నాకు తెలుసు. ప్రార్థన చేసే చెయ్యి ఆ లెక్కలోకి రాదనుకున్నాను. అలా అనుకుంటున్నానని కూడా అప్పుడు నాకు తెలియదు.

కమీల్ వచ్చిన రెండో వారంలో ఒక సమోవా పెద్దావిడకు నేను ప్రార్థన చేస్తుంటే చూసింది. ఆ తరువాత, ఇలా చేయడానికి ఆసుపత్రి ఒప్పుకుంటుందా అని అడిగింది. ఇన్నేళ్ళలో ఒక్కరూ వద్దనలేదని చెప్పాను. కాస్త గొప్పగానే చెప్పాను.

ఐదో వారంలో విరేము అనే ఆయన వార్డులో చేరాడు. డెబ్బై దాటిన మావోరీ పెద్దమనిషి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. మనం పెదనాన్నగారూ అన్నట్టు అందరూ ఆయన్ని ‘మాటువ’ అని పిలిచేవారు. షుగర్ వల్ల ఎడమ పాదం కుళ్ళింది. మోకాలి కింద వరకు తీసేయక తప్పదని హెలెన్ తేల్చింది. ఆయన చేరిన వారం నేను సెలవులో ఉన్నాను. ఆ వారమంతా ఆయన దగ్గర ఎక్కువగా ఉన్నది కమీలే. రోజూ రక్తం తీసేది, కట్టు మార్చేటప్పుడు పక్కన నిలబడేది. రగ్బీలో మీ దేశం మా దేశాన్ని ఓడించిన ప్రతిసారీ నా బీపీ పెరిగింది, ఇప్పుడు నా రక్తం కూడా నువ్వే పట్టుకుపోతున్నావా అని ఆయన ఆమెను ఏడిపించేవాడట.

ఆపరేషన్ మంగళవారం పొద్దున. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఏడున్నరకల్లా చేయవలసినవన్నీ పూర్తయ్యాయి. చేతి పట్టీ మీద పేరు సరిచూడడం, ఎడమ కాలి మీద సిరాతో బాణం గుర్తు వేయడం, అంగీకార పత్రం సరిచూడడం. తీసిన కాలు కుటుంబానికి ఇవ్వాలని ఆయన స్వయంగా రాసి సంతకం పెట్టాడు. ఆయన కూతురు మెరె, ఇంకో నలుగురు బంధువులు మంచం చుట్టూ ఉన్నారు. ఉత్తరాన ఉన్న వాళ్ళ ప్రాంతం నుంచి వాళ్ళ పెద్ద ఒకాయన కారులో వస్తున్నాడు. ఆయన వచ్చి కరకియా చేశాకే మంచం కదలాలి. ఈ ఏర్పాటు మాకు ముందే తెలుసు, ఆపరేషన్ గదివాళ్ళకూ తెలుసు.

నేను నా గదిలో డ్యూటీ చార్టు రాసుకుంటున్నాను. మెరె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

“ఆ అమ్మాయి మా నాన్న తల మీద చెయ్యి పెట్టింది” అంది.

మిగతాది అడగక్కర్లేకపోయింది. నేను వెళ్ళేసరికి ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కమీల్ వరండాలో కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని నిలబడింది.

కుటుంబం పెద్దగా గొడవ చేయలేదు. జరిగినదాన్ని సరిచేయకుండా ఆయన్ని కత్తి కిందికి పంపేది లేదన్నారు, అంతే. మా ఆసుపత్రిలో మావోరీ రోగుల కోసం ఒక ప్రత్యేక సేవా బృందం ఉంది. దానికి పెద్ద ఎరానా అనే ఆవిడ. ఆవిడ వచ్చి రోజంతా వాళ్ళతో కూర్చుంది. వాళ్ళ పెద్ద వచ్చి, జరిగినదాన్ని సరిచేసే కరకియా కూడా పూర్తిచేసేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ఆపరేషన్ గది ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆయనది బుధవారానికి మారింది. కుళ్ళు పైకి పాకే కాలికి ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రమాదమే. హెలెన్ కోపం నాకు అర్థమైంది.

ఆమె నన్ను పిలిచి ఒకే ప్రశ్న అడిగింది. ఈ అమ్మాయికి తల గురించి చెప్పారా, లేదా. చెప్పాను అన్నాను. అది నిజమే. కమీల్ సంతకం చేసిన కాగితం తీసి చూపించాను. అక్కడితో ఆగిపోయాను.

ఇలాంటిది జరిగినప్పుడు సంఘటన నివేదిక అని ఒకటి రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేస్తారు అని మూడు గళ్ళు ఉంటాయి. అది రాయవలసింది ఛార్జ్ నర్సే. ‘ఎందుకు’ అన్న గడిలో, విద్యార్థిని బోధించిన విషయాన్ని సరిగా గ్రహించలేదు అని నా చేత్తో రాశాను. అక్షరం తప్పు లేదు. అయినా అబద్ధం.

సాయంత్రం నర్సుల గదిలో కమీల్ నా ఎదురుగా కూర్చుంది. హెలెన్ ఆమెను ఎందుకు చేశావని అడిగితే, గౌరవంతో చేశాను, తప్పు నాదే అని చెప్పిందట. నా పేరు ఎత్తలేదు. నాతో మాత్రం చెప్పింది.

“నాకు ప్రార్థన రాదు మేడమ్. మీరు పెట్టినట్టు పెట్టాను, అంతే. ఆయన భయపడుతున్నాడు. మీరు చెయ్యి పెడితే ఆ పెద్దావిడ భయం పోవడం చూశాను.”

తల ముట్టుకోకూడదని రాసుకున్నావు కదా అన్నాను. ఆమె నోటుబుక్కు తెరిచింది. రాసుకుంది. మీరు రోజూ చేస్తున్నారు కాబట్టి, వార్డులో పెద్దవాళ్ళకు, మంచి ఉద్దేశంతో చేసేవాళ్ళకు అది వర్తించదేమో అనుకున్నాను అంది. ఆమె ఆ సమాధానాన్ని నా దగ్గరే నేర్చుకుంది. గురువారం పదింటికి సమావేశమని, ఫారంలో ‘సంతృప్తికరం కాదు’ అని రాసే ఉద్దేశంలో హెలెన్ ఉందని అప్పటికే అందరికీ తెలుసు. కమీల్ భయంగా నన్ను చూసింది. అంతా సర్దుకుంటుందిలే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవికి కటువుగానే ఉంది.

బుధవారం ఆపరేషన్ సవ్యంగా జరిగింది. ఆ సాయంత్రం పాపటోయిటోయిలోని మా ఇంట్లో గృహ ప్రార్థన కూడిక. వాక్యం చెప్పే వంతు నాది. మావారు ప్రభుదాసు ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో సూపర్‌వైజరు, మా తెలుగు సంఘంలో పెద్ద. నేను వేసిన కుర్చీల్నే మళ్ళీ వేస్తుంటే చూసి, ఏమైందని అడిగారు. జరిగిందంతా చెప్పాను. రేపు హెలెన్ ముందు నా తప్పు ఒప్పుకుంటానని కూడా చెప్పాను. ఆయన నా చేతిలోని కుర్చీ తీసుకుని పక్కన పెట్టారు.

“ప్రార్థన చేసినందుకు సారీ చెప్తావా సుజాతా? రేపు సంఘంలో మన పిల్లలకు ఏం చెప్పాలి? సాక్ష్యం దాచుకోమనా?”

“ప్రార్థన చేసినందుకు కాదండి. అడగనందుకు.”

రిటైరయ్యే ఏడాదిలో నర్సింగ్ కౌన్సిల్ దాకా వెళ్తే ఏమవుతుందో ఆలోచించావా అని ఆయన అన్నారు. ఆలోచించానన్నాను. అప్పుడాయన, ఆ అమ్మాయి నీ పేరు చెప్పలేదు కదా, ఇంకా ఎవరడిగారు నిన్ను అన్నారు. ఆ మాట అని తనే తల దించుకున్నారు. మావారు అబద్ధమాడే మనిషి కాదు. నా కోసం భయపడ్డారు.

కూడికకు టకానిని అనే పేట నుంచి ఒక నర్సమ్మాయి కాస్త ముందుగా వచ్చింది. రెస్ట్ హోమ్‌లో వృద్ధుల్ని చూసుకునే ఉద్యోగం. వంటింట్లో నాకు ప్లేట్లు అందిస్తూ సంతోషంగా చెప్పింది.

“ఆంటీ, నేనూ మీలాగే మా రెస్ట్ హోమ్‌లో అందరికీ తల మీద చెయ్యేసి ప్రేయర్ చేస్తున్నా. కొందరికైతే తెలియను కూడా తెలియదు, నిద్రలో ఉంటారు.”

చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేశాను. ఆ రోజు చెప్పాలని వేరే వాక్యం సిద్ధం చేసుకున్నాను. అది పక్కన పెట్టి, ప్రభువు గుడ్డివాణ్ణి పిలిపించిన భాగం తెరిచాను. వాడికి ఏం కావాలో లోకమంతటికీ కనపడుతూనే ఉంది. ప్రభువుకు కనపడదా? అయినా, నీకు ఏం చేయమంటావని ఆయన వాణ్ణి ముందు అడిగాడు. వాడు నోరు తెరిచి చెప్పాకే బాగుచేశాడు. చిన్నప్పటి నుంచి వందసార్లు చదివిన భాగం. అక్కడ ప్రశ్న ఒకటి ఉందని నేను ఆ రోజు వరకు గమనించలేదు. వాక్యం చెబుతూ నా సంగతి కూడా చెప్పేశాను. టకానిని అమ్మాయి ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది. చివరి ప్రార్థన మావారు చేశారు. రేపు పది గంటలకు నా భార్యకు నోరు ఇవ్వు తండ్రీ అన్నారు.

గురువారం సమావేశంలో నలుగురం. హెలెన్, ఎరానా, కమీల్, నేను. ఎరానా చిన్న కరకియాతో మొదలుపెట్టింది. హెలెన్ ఫారం తెరిచేలోపే, నేను ముందు మాట్లాడతానని అడిగాను. నేను రాసిన నివేదికలో రెండో గడి తప్పని, అది మార్చి రాయాలని చెప్పాను.

“ఆ అమ్మాయి ఇది నన్ను చూసి నేర్చుకుంది. ఈ వార్డులో ఏళ్ళ తరబడి రోగుల తల మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తున్నది నేను. ఎవర్నీ అడగలేదు.”

హెలెన్ కలం కింద పెట్టింది. ఆమె కోపంగా ఏదో అంటుందనుకున్నాను. ఆమె ఎరానా వైపు చూసింది. ఎరానా నాకన్నా పదేళ్ళు పెద్దది. నా మీద నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా మాట్లాడింది.

“నాకు తెలుసు. మా వాళ్ళు కొందరు ఇంటికి వెళ్ళాక నాతో చెప్పారు. ఫిర్యాదు రాయమంటారా అంటే వద్దన్నారు. మంచి నర్సు, బాగా చూసుకుంది, పోనీలే అన్నారు.”

నలభై ఏళ్ళలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఈ పోనీలే అన్నంతగా ఏదీ గుచ్చుకోలేదు. కాలు పోగొట్టుకోబోతున్న మనిషి, పడుకుని ఉన్న మనిషి, యూనిఫాం వేసుకున్న నన్ను క్షమించి ఊరుకున్నాడు. నేను దాన్ని దేవుని కార్యంగా లెక్కవేసుకుని ఇంటికి వెళ్ళాను.

మీరెందుకు నాతో చెప్పలేదని అడిగాను. ఎరానా, చెప్పి ఉండాల్సిందని ఒప్పుకుంది. మీరు ఇదే పాఠం చెబుతుంటే నేను వెనక కుర్చీలో కూర్చుని రెండుసార్లు విన్నాను, పాఠం చెప్పేవాళ్ళకు మళ్ళీ పాఠం ఎలా చెప్పను అంది. ఆ తరువాత, దీన్ని తేల్చవలసింది ఈ గదిలో కాదు, ఆయన మంచం దగ్గర అంది.

ఆయనా, మెరె ఒప్పుకున్నాక మధ్యాహ్నం ఎరానా, కమీల్, నేను వెళ్ళాం. ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ వైపు దుప్పటి మోకాలి కింద పల్చగా పడి ఉంది. నేను నిలబడే చెప్పాను. నా పేరు, నా పని, ఈ అమ్మాయి ఎవరిని చూసి నేర్చుకుందో చెప్పాను. సాకులు చెప్పలేదు. మన్నించమన్నాను. కమీల్ కూడా తన మాటగా క్షమాపణ చెప్పింది.

ఆయన కమీల్‌ను ముందు చూశాడు. నీది దూరదేశం, నీకు తెలియలేదు అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు.

“నీకు తెలుసు కదా. గోడ మీద ఆ కాగితం అంటించింది నువ్వే కదా.”

నేనేనని చెప్పాను. దిండ్ల రంగుల గురించి, తల గురించి నేనే రాసి ఆయన మంచానికి ఎదురుగా అంటించిన కాగితం అది.

“మా తాత మావోరీ చర్చిలో బోధకుడు” అన్నాడాయన. “ప్రభువు మాకు కొత్త కాదు. ఆయన్ని నువ్వు తీసుకొచ్చి నా నెత్తిన పెట్టక్కర్లేదు.”

మెరె కిటికీ వైపు తిరిగింది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. మీ ఉద్దేశం చెడ్డది కాదని తెలుసు, దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నానన్నాడు. రేపటి నుంచి కట్టు మార్చేటప్పుడు ఈ అమ్మాయి ఉండొచ్చన్నాడు. ఆయన కోసం ప్రార్థించమని నన్ను అడుగుతాడేమోనని, నిజం చెప్పాలంటే, నాలో ఒక ఆశ ఉంది. ఆయన అడగలేదు. నీ పని నువ్వు బాగా చెయ్యి, ప్రార్థన మేం చేసుకుంటాం అన్నాడు. మూడు వారాల తరువాత ఆయన మా వార్డు నుంచి పునరావాస విభాగానికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నాతో కరచాలనం చేశాడు. అంతకుమించి ఏమీ లేదు.

హెలెన్ ఫారంలో ‘సంతృప్తికరం’ అని రాసింది. కింద ఒక వాక్యం చేర్చింది: తప్పు జరిగినప్పుడు ఇంకొకరి మీదికి నెట్టలేదు. నా గడిలో నేను, ఈ విద్యార్థిని మా వార్డులో నేర్చుకున్న తప్పుకు బాధ్యత వార్డుదే అని రాసి సంతకం పెట్టాను. కమీల్ ఏప్రిల్‌లో లియాన్ వెళ్ళిపోయింది. ఆ ఏడాది పరీక్ష రాసింది. ఇప్పుడు అక్కడే డాక్టరుగా పనిచేస్తోంది.

నా నివేదికను వెనక్కి తీసుకుని రెండో గడి మార్చి రాశాను. తప్పుగా రాసినందుకు, అడగకుండా రోగుల్ని ముట్టుకున్నందుకు ఒక హెచ్చరిక లేఖ నా సర్వీసు ఫైలులో చేరింది. విషయం కౌన్సిల్ దాకా వెళ్ళలేదు. వెళ్ళి ఉన్నా న్యాయమే అయ్యేది. వీడ్కోలు రోజున నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఆ లేఖ గురించి ఎవరూ చెప్పలేదు. ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునేవారు ఆ మంచి మాటలతో పాటు ఆ లేఖ కూడా ఉందని తెలుసుకోవాలని దీన్ని రాస్తున్నాను.

ఆ సంఘటన నాకు నేర్పినది ఇది. నర్సు పనిలో ప్రతిదానికీ అడగడం అనే ఒక మెట్టు ఉంది. సూది గుచ్చే ముందు అడుగుతాం. దుప్పటి తీసే ముందు అడుగుతాం. తీసేసిన కాలు ఎక్కడికి పోవాలో కూడా అడిగి సంతకం పెట్టించుకుంటాం. నేను అన్నిటికన్నా గొప్పదని నమ్మినదానికి మాత్రం ఆ మెట్టు అక్కర్లేదనుకున్నాను. మిగిలిన పదకొండు నెలలూ అడిగాను. మీ కోసం ప్రార్థించమంటారా, చెయ్యి ఉంచమంటారా, ఊరికే పక్కన కూర్చోమంటారా అని వేర్వేరుగా అడిగాను. వద్దన్నవాళ్ళు నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమంది. చాలా మర్యాదగా వద్దన్నారు. అడిగితే అంత సులభంగా చెప్పగలిగిన మాటను అంతకుముందు ఎంతమంది మింగారో నాకు ఎప్పటికీ తెలియదు.

ఇది చదివే సహోదరీ సహోదరులారా, మీకు ఇష్టమైతేనే, ఈ కొద్దిసేపు నాతో కలిసి ప్రార్థించండి. ఆసుపత్రుల్లో, రెస్ట్ హోముల్లో పనిచేసే మన పిల్లల కోసం. నోరు తెరిచి వద్దని చెప్పలేని రోగుల కోసం. పేర్లు కూడా గుర్తులేని, నన్ను పోనీలే అని వదిలేసిన వాళ్ళ కోసం.

తండ్రీ, మా చేతుల కంటే ముందు మా నోటికి ప్రశ్న నేర్పించు. వాళ్ళు వద్దంటే ఆ మాటను గౌరవించే మనసు ఇవ్వు. నీ కుమారుని పేరట అడుగుతున్నాము. ఆమేన్.